జవాబు రాసినవాళ్ళకే కుర్చీ

ఆవిడ కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. వీధివాళ్ళు పెట్టిన పేరు హడావిడమ్మ. ముఖం మీద పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ సంగతి ఆవిడకి తెలియకా పోలేదు. "హడావిడి పడకపోతే పనులెలా అవుతాయి? అందరం మీలా నానబెట్టుకుని కూర్చుంటే లోకం నడిచినట్టే!" అనేది.

ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు డిపోలో రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే, సగం రోజు కిటికీ దగ్గర నిలబడే ఉండేది. ఫారం పూర్తిగా నింపనిదే సీటు ఇచ్చేది కాదు. ఒకసారి డిపో మేనేజరుగారి మామగారే వచ్చి, వయసు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేస్తే, "వయసు చెప్పడానికి సిగ్గైతే నిలబడి ప్రయాణం చేయండి బాబాయిగారూ" అని వెనక్కి పంపింది. ఆ మాట డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రిటైరయ్యాక కొందరికి మోకాళ్ళ నొప్పులు వస్తాయి. ఈవిడకి పార్టీలు వచ్చాయి. అవీ మామూలు పార్టీలా? అన్నీ పాతకాలానివే. ఒకసారి కరెంటు లేని కాలం అంది, ఇంట్లో మెయిన్ ఆపేసి లాంతర్లు, కొవ్వొత్తులు పెట్టింది. పైవాటా టీచరుగారు చీకట్లో బిస్కెట్టనుకుని కొవ్వొత్తి ముక్క కొరికారు. ఇంకోసారి నలుపు తెలుపు ఫోటోల కాలం అంది. మందుల షాపాయన ఎర్ర చొక్కాతో వస్తే గుమ్మంలోనే ఆపి, భర్త తెల్ల చొక్కా తొడిగించి లోపలికి రానిచ్చింది. ప్రతిసారీ ఒక చార్టు ఉండేది. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో గడులు గీసి, పేర్లు రాసి, తలుపు మీద అంటించేది. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆవిడ భర్త వాచీలు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి. పాత గ్రామఫోను ఒకటి తెచ్చి దానికి ప్రాణం పోసింది ఆయనే. ఆవిడ పది మాటలంటే ఆయన ఒకటి అంటాడు, అదీ తగిలేలా అంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆవిడకి ఒక్కడే అన్నయ్య. దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. ఆ చుట్టుపక్కల సగం దుకాణాల పేర్లు ఆయన చేతి రాతే. ముత్యాల్లాంటి అక్షరాలంటారే, అవే. చిన్నప్పటి నుంచీ నత్తి. ఏదైనా చెప్పాలంటే కాగితం అందుకునేవాడు. చెల్లెలి పెళ్ళిచూపులప్పుడు కూడా, "అబ్బాయి మంచివాడు, ఒప్పుకో" అని చీటీ మీద రాసే చేతిలో పెట్టాడు.

ఆరేళ్ళ కిందట ఈవిడ మొట్టమొదటి పార్టీ చేసింది. రేడియో కాలం అని పేరు. గదికి అడ్డంగా దుప్పటి కట్టారు. ఒక్కొక్కరూ దాని వెనక్కి వెళ్ళి ఎవరి గొంతునైనా అనుకరించాలి, ఇవతలివాళ్ళు ఎవరో చెప్పాలి. హడావిడమ్మ వెళ్ళి తన కౌంటరు ముందు క్యూ అంతా వినిపించింది. కండక్టరు, మేనేజరు, టిక్కెట్టు దొరకని ముసలాయన. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఊపులో అన్నయ్య టిక్కెట్టు అడుగుతున్నట్టు కూడా వినిపించింది, ఊరి పేరు మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి ఆగిపోయి. ఎవరో చెప్పడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. గది దద్దరిల్లింది. అన్నయ్య కూడా కాస్త నవ్వాడు. తర్వాత లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అంతే. ఆరేళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. వదిన వచ్చేది, పోయేది. ఆయన రాడు. ఫోను ఎత్తడు. ఎత్తినా మాట్లాడలేడు కదా, ఫోనంటే ఆయనకి ఎప్పుడూ బెరుకే. మొదట్లో ఈవిడ, "ఇంత చిన్నదానికా?" అంది. తర్వాత ఒకరోజు ఈవిడ ఆయన బోర్డులు రాసే షెడ్డు ముందు నుంచి వెళుతుంటే, ఈవిణ్ణి చూసి ఆయన నిచ్చెన దిగి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి వంటగదిలో నిలబడి ఏడ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా?

ఈ ఏడు ఆవిడకి ఒక ఆలోచన తట్టింది. ఉత్తరాల కాలం. పదకొండు మందికి తపాలాలో ఆహ్వానాలు. ప్రతి కవరులో తన చిరునామా రాసిన జవాబు కార్డు. వచ్చినవాళ్ళు ఎప్పటి నుంచో రాయాలనుకుని రాయని ఉత్తరం ఒకటి రాసుకొచ్చి చదవాలి. నిబంధన ఒకటే, ఎర్ర సిరాతో రాసింది: "ఫోన్లు కుదరవు. మీ చేత్తో జవాబు రాసినవాళ్ళకే కుర్చీ." 'మీ చేత్తో' కింద రెండు గీతలు గీసింది. అన్నయ్య బదులు వదిన రాసి పంపేస్తే ఎలా మరి?

"చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు?" అన్నాడు భర్త, భూతద్దం కంట్లోంచి తీయకుండానే. "ఇదంతా మీ అన్నయ్య కోసమేగా. వెళ్ళి పిలువు."

"వెళ్తే లోపలికి పోయి కూర్చుంటాడండీ. ఎదురుగా నిలబడితే నాకూ నోరు రాదు. రాయడమంటే అన్నయ్యకి మంచినీళ్ళ ప్రాయం. రెండు ముక్కలు రాసి పడేస్తాడు చూడండి. కోపంగా రాసినా సరే, రాస్తే చాలు."

వారం తిరక్కుండా జవాబులు రావడం మొదలైంది. టీచరుగారు చుక్కా కామా తప్పకుండా రాశారు. మందుల షాపాయన రాసింది ఆయనే వచ్చి చదివి చెప్పాల్సి వచ్చింది. పది కార్డులు వచ్చాయి. పదకొండోది రాలేదు.

అప్పటి నుంచి చూడాలి ఆవిణ్ణి! కాలు కాలిన పిల్లిలా వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరిగింది. పోస్టుమ్యాన్ సైకిలు మలుపు తిరగకముందే గేటు దగ్గర ఉండేది. "మీ సంచీ అడుగున చూశారా? ఏదైనా కవరులో ఇరుక్కుని ఉంటుంది, దులపండి" అనేది. నాలుగో రోజుకి ఆయన రెండో వీధి చుట్టి రావడం మొదలుపెట్టాడు. చార్టులో పదకొండో గడిలో పెన్సిలుతో అన్నయ్య అని రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. కాగితం అక్కడ పల్చబడి చిరుగు పట్టింది.

"ఫోన్ చేయనా?" అన్నాడు భర్త.

"వద్దు. రాదల్చుకోలేదన్నమాట. సరే. నాకేం, నా పార్టీ ఆగుతుందా?" అని గిన్నెలు ఠంగుఠంగుమని సర్దింది. ఆ ఠంగుమనడం రెండిళ్ళ అవతలికి వినిపించింది.

పార్టీ రోజు సాయంత్రం నాలుగింటికి అందరూ వచ్చారు. గ్రామఫోను మీద రికార్డు తిరుగుతోంది. పది కుర్చీలే వేసింది. కాసేపటికి పదకొండోది తెచ్చి వేసింది. మళ్ళీ తీసి గోడకి ఆనించింది. టీచరుగారు తాను రాసిన ఉత్తరం చదువుతుంటే ఈవిడ నిమ్మరసం గ్లాసులు ఖాళీ కాకముందే లాక్కుపోతోంది.

అప్పుడు వదిన వచ్చింది, ఒక్కతే. వగరుస్తూ గుమ్మంలో నిలబడి ఈవిణ్ణి చెయ్యి పట్టి వరండాలోకి లాగింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య మలుపు దగ్గర ఉన్నారు. మందుల షాపు ముందు బల్ల మీద. ఇంటికి రానంటున్నారు."

"అంత కోపమైతే అక్కడి దాకా మాత్రం ఎందుకూ?"

"కోపం కాదే! చెయ్యి. ఏడాదైంది, కుడిచెయ్యి వణుకుతోంది. బ్రష్షు పట్టలేరు. షెడ్డు మూసేశాం. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. నీ కార్డు వచ్చాక ఎనిమిది రోజులు కూర్చున్నారు దాని ముందు. ముందు చిత్తు కాగితాల మీద రాశారు, గుట్ట పోశారు. ఒక్క అక్షరం నిలబడితేగా! నేను రాస్తానంటే, నువ్వు గీసిన ఆ రెండు గీతలూ చూపించారు. జవాబు రాయనివాడికి కుర్చీ ఉండదట. ఊరికే వీధి చూసి వెళ్ళిపోతానని బయల్దేరారు."

 హడావిడమ్మ మొదటిసారి ఆయన నోరు పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఇప్పుడు వెతికి వెతికి చెయ్యి పట్టుకుంది. నోటికి బదులు చేత్తోనే బతికిన మనిషి, ఆ చెయ్యీ పోయింది. దాన్నే అడిగింది, గీతలు గీసి మరీ అడిగింది. ఛీ, నా బతుకు, అనుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

అన్నయ్య బల్ల మీద ఒక పక్కకి ఒదిగి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పాతకాలం కాలరుది. పార్టీకనే తొడుక్కున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. జేబు గుడ్డ కదులుతోంది.

"అన్నయ్యా, ఆ రూలు తగలెయ్యి. పద ఇంటికి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తప్పయిపోయిందిరా అన్నయ్యా. ఆ రోజుదీ, ఈ రోజుదీ. ఎందుకలా వాగానో నాకే తెలీదు. అందరూ నవ్వుతుంటే ఆగలేకపోయాను. నన్ను క్షమించు."

ఆయన చాలాసేపు ఆవిడ కాళ్ళకేసి చూశాడు, దుమ్ము పట్టిన ఉత్త కాళ్ళు. తర్వాత మాట కోసం దవడ బిగించాడు. ఒక్కో మాటా పెనుగులాడి వచ్చింది.

"న... నవ్వినప్పుడు... ప... పదిమంది ఉన్నారు. ఇ... ఇక్కడ ఎవరున్నారు?"

నిజమే కదా! వీధి చివర చెవిలో చెప్పుకునే క్షమాపణకి విలువేముంది?  ఆవిడ ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. ఆయన లేచాడు. ఇద్దరూ మెట్లెక్కారు.

గదిలోకి వస్తూనే, "ఆ పాట ఆపండి" అంది భర్తతో. ఆయన ముల్లు ఎత్తేశాడు. కుర్చీల్లో వాళ్ళు అటు తిరిగారు. వాళ్ళలో చాలామంది ఆ రోజు దుప్పటికి ఇవతల కూర్చున్నవాళ్ళే.

"నేనూ ఒక ఉత్తరం చదవాలి కదా. రాసుకోలేదు, నోటితోనే చెప్తాను" అంది.  "ఆరేళ్ళ కిందట ఇదే గదిలో మా అన్నయ్య నత్తిని అనుకరించాను. మిమ్మల్ని నవ్వించాలని. చిన్నప్పుడు బడిలో పిల్లలు అలా చేస్తే వాళ్ళని రాళ్ళుచ్చుకుని కొట్టినదాన్ని నేను. ఆ రోజు వాళ్ళకంటే హీనంగా చేశాను. మా అన్నయ్య ఈ ఇంటికి రాకపోవడానికి కారణం నేనే. అన్నయ్యా, వీళ్ళందరి ముందూ చెప్తున్నాను, తప్పు నాది."

మందుల షాపాయన తల దించుకున్నాడు. టీచరుగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. 

అన్నయ్య నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. ఆయన ఏమనబోతున్నాడో హడావిడమ్మకి తెలిసిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆయన మాట మధ్యలో అందుకుని తనే పూర్తిచేసిన చెల్లెలు, తెలియకేం? నాలుక చివర దాకా వచ్చింది. రెండు చేతులూ కొంగులో బిగించి పట్టుకుని, పళ్ళు గట్టిగా కరుచుకుని, కదలకుండా నిలబడింది.  అన్నయ్య జేబులో చెయ్యి బయటికొచ్చింది, అందరి ముందూ వణుకుతూ ఉండిపోయింది, ఆయన దాచుకోలేదు.

"పా... పా... ప... పాట ఆపారెందుకు?" అన్నాడు చివరికి. "పె... పెట్టండి."