ఆఖరి భాగం అచ్చయిన వారం

జ్ఞానప్రసూనాంబ మంగళగిరిలో ఆడపిల్లల బడి పంతులమ్మ. భర్త పోయాక బావగారు అనంతపద్మనాభం ఇంట్లోనే ఒక వాటాలో ఉంటూ కూతుర్ని పెంచుకుంది. ఆ పిల్ల కూడా ఏడో ఏట టైఫాయిడ్‌తో పోయింది. ఆ తర్వాత ఆమె బడికి వెళ్లడం, రావడం తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడింది లేదు. 1961లో ఒక నవల రాసి, మొత్తం ఒకేసారి మద్రాసులోని ఒక వారపత్రికకు పంపింది.

ఆ నవలలో బిడ్డ పోయిన తల్లి దేవుడి గూట్లో దీపం పెట్టడం మానేస్తుంది. ఒక మధ్యాహ్నం ఎవరో ముసలావిడ అన్నమడుగుతూ వచ్చి, సంగతి విని, పక్కన కూర్చుని ఏడుస్తుంది. ఆ వచ్చింది అమ్మవారని తల్లికి అర్థమవుతుంది. అదీ కథ.

సీరియల్ మొదలయ్యాక ఊళ్లో తలో మాట. పురోహితుడైన బావగారికి ఒళ్లు మండింది.

"జగన్మాత మనిషిలా ఏడవడమేమిటి ప్రసూనా? ఓదార్చాల్సిన తల్లే ఏడిస్తే మనకింక దిక్కెవరు?"

బడిలో లెక్కల మాస్టారు సంజీవరావు దేవుణ్ణి నమ్మడు. "ఏడుపు దాకా నిజమే రాశారండీ. మధ్యలో అమ్మవారెందుకు? మత్తుమందు పెట్టినట్టు!" అన్నాడు.

ఈ మాటలు ఆమెను అంతగా బాధించలేదు. ఆమెకు నిద్ర లేకుండా చేసింది పేరమ్మ.

పేరమ్మ నేతపని చేసే చలమయ్య భార్య. కొడుకు కాలవలో పడి చనిపోయిన దగ్గర్నుంచి రాట్నం ముట్టలేదు, సరిగా తిండి తినలేదు. చలమయ్య వారంవారం మగ్గం ఆపి ఆ సీరియల్ చదివి వినిపించేవాడు. ముసలావిడ ఏడ్చిన భాగం విన్న రోజున పేరమ్మ కంచం ముందు కూర్చుంది. మెల్లగా మళ్లీ నూలు కండెలు చుట్టసాగింది. ఒక సాయంత్రం బజారులో పంతులమ్మ చెయ్యి పట్టుకుంది.

"కథలో ఆ తల్లి లేచి తిరుగుతోంది గదండీ, నేనూ తిరుగుతున్నా. ఆవిడేం చేస్తే నేనూ అదేనండీ."

జ్ఞానప్రసూనాంబకు తను రాసిన ముగింపు గుర్తొచ్చింది. ఆఖరి భాగంలో ఆ తల్లి, అమ్మవారు పిలుస్తోందని కృష్ణా నదిలోకి నడిచి వెళ్లిపోతుంది.

మర్నాడే మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చింది, ఆఖరి భాగం ఆపమని. అచ్చయిపోయిందని జవాబు వచ్చింది. చలమయ్యను కలిసి, అది మాత్రం చదవొద్దని బతిమాలింది. "నేను చదవకపోతే ఇంకొకళ్ల చేత చదివించుకుంటదండీ," అన్నాడతను. ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు.

పత్రిక వచ్చిన రోజు బడికి సెలవు పెట్టి చలమయ్య ఇంటికి పరుగెత్తింది. అతను వాకిట్లో దిక్కులు చూస్తూ నిలబడ్డాడు.

"పక్కింట్లో చదివించుకుందండీ. ఒక్క మాటా అనకుండా ఎటో పోయింది."

ఇద్దరూ కాలవ గట్టు పొడుగునా వెతికారు. బట్టలుతికే వాళ్లు ఎవరినీ చూడలేదన్నారు. చలమయ్య రైల్వే స్టేషన్ వైపు వెళ్లాడు. ఆమె వెతుకుతూ తమ వీధిలోకి వచ్చింది.

తమ ఇంటి అరుగు మీద పేరమ్మ కూర్చుని ఉంది.

"ఎక్కడికి పోయారండీ? ఇందాకట్నుంచీ మీకోసమే కూర్చున్నా."

"నాకోసమా?"

"ఆ తల్లి మీరే గదండీ. నీళ్లల్లోకి పోతానని రాసుకున్నారు. వింటుంటే నా గుండె ఆగిపోయింది. ఇక్కడికొస్తే ఇంట్లో లేరన్నారు. మిమ్మల్ని చూడందే కదలబుద్ధి కాలేదు."

కాదనబోయింది జ్ఞానప్రసూనాంబ. కానీ అది నిజమే. ఆ ముగింపు రాసే రోజుల్లో ఆమె కృష్ణ ఒడ్డున సీతానగరం రేవు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. పేరమ్మ ఆమె వీపు నిమురుతూనే కోప్పడింది. "ఇదేం పాడుబుద్ధండీ మీకు!"

బావగారికి మాత్రం ఆ ముగింపు నచ్చింది. "అదీ మోక్షమంటే," అన్నారు. పుస్తకం వేసేటప్పుడు ఆమె దాన్ని మార్చేసింది. తల్లి మోకాటి లోతు నీళ్లలో నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికొస్తుంది. అందిన మోక్షాన్ని లాగేసుకున్నావని బావగారు నొచ్చుకున్నారు. భయపడి మార్చారని సంజీవరావు తేల్చేశాడు. పేరమ్మ మాత్రం, "ఇంటికొచ్చాక ఏం వండుకుందో రాయలేదేమండీ?" అనడిగింది.

అయినా ఆమెకు దిగులు పోలేదు. పాత ముగింపున్న ఆ వారపత్రిక కనిగిరిలోనో, ఒంగోలులోనో ఏ తల్లి చేతిలో ఉందో! గుంటూరు వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి, ఆ సంచిక కనిపిస్తే కొని తెచ్చుకునేది. ఊళ్లో వాళ్లు అదొక పిచ్చి అనుకున్నారు.