దుప్పటి మీద వాల్పరైసో

పెళ్లయి అనంతపురం జిల్లా నుంచి తార్నాకకు వచ్చిన కొత్తలో నేను గడప దాటేదాన్ని కాదు. మా ఆయనకు యూనివర్సిటీలో, భూగోళశాస్త్ర విభాగంలో గుమాస్తా ఉద్యోగం. పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. వీధిలో వినబడే ఉర్దూ ఒక్క ముక్క తెలియదు. తెలుగు కూడా నా తెలుగులా ఉండేది కాదు. ఎవరైనా పలకరిస్తే నవ్వి లోపలికి వచ్చేసేదాన్ని.

పక్క వాటాలోని అక్క వాళ్లది నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. నేను బదులివ్వకపోయినా విసుక్కోకుండా రోజూ పలకరించేది ఆవిడ ఒక్కతే. ఆమె అన్న ఫోటోగ్రాఫరు. ఓడల మీద దేశాలు తిరిగి, తీసిన ఫోటోలు పత్రికలకు ఇచ్చేవాడు. అరవైల చివర్లో ఒక ఎండాకాలం, స్లైడ్ల పెట్టెతో చెల్లెలి ఇంటికి వచ్చాడు. మా ఆయన తన ప్రొఫెసరును అడిగి డిపార్టుమెంటు ప్రొజెక్టర్ తెచ్చారు. చీకటి పడుతుండగా డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, రెండు వాటాల వాళ్లమూ కూర్చున్నాం.

అక్క వాళ్ల అన్న చూపించింది చిలీ దేశంలో వాల్పరైసో అనే రేవు పట్నం. సముద్రం ఒడ్డునుంచే కొండలు. కొండల నిండా పసుపు, నీలం, గులాబీ రంగు రేకుల ఇళ్లు. పట్టాల మీద కొండెక్కే చిన్న పెట్టెల్లాంటి బండ్లు. చేపల బజారులో మనుషుల మధ్యే తిరిగే పెద్ద ముక్కుల పక్షులు. చూస్తూ చూస్తూ నేనే నోరు తెరిచి అడిగాను.

“కొత్త ఊరు గదన్నా, నీకు భయం కాలేదా?”

“కాలేదా! మొదట్ల కమ్రా తలుపు పెట్టుకొని గాడనే కూసున్న చెల్లె. ఎవరేమంటున్నరో సమజ్ కాదు. ఇగ నేనున్న ఇంటి ముసలామె నా చేతిల సంచి పెట్టి బయటికి నూకింది, రొట్టె తెమ్మని.”

“మాట రాకుండా ఎట్ల అడిగితివి?”

“వేలు పెట్టి సూపెట్టిన. దుకాణమామె నవ్వింది, నేను నవ్విన. మల్ల పోతే పేరడిగింది. గీ ఫోటోలన్నీ గామె దుకాణానికి పోయే తొవ్వల తీసినయే.”

తర్వాతి స్లైడ్ ఆమెదే. మోచేతుల దాకా పిండి, మొహం నిండా నవ్వు. ఆయన దాన్ని చాలాసేపు మార్చలేదు.

మర్నాడు పొద్దున అక్క సంచి పట్టుకొని మా గుమ్మంలో నిలబడింది.

“నడువ్, కూరగాయలకు పోదాం. ఇయ్యాల నువ్వే అడగాలె, నేను నోరు తెరవ.”

మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఒకామె వీధి మూల గంపలు పెట్టుకొని కూర్చుంది. నేనే అడిగాను. “ఎర్రగడ్డలు ఉండాయా?”

“ఎర్రగడ్డనా? గది గీడ యాడుంటది బిడ్డా, ఊరికి ఆ దిక్కు పోవాలె!” అంటూ చెయ్యెత్తి చూపించింది. ఇక్కడ ఎర్రగడ్డ అంటే ఒక పేట పేరట.

నేను వంగి, మా వైపు ఎర్రగడ్డ అనే ఉల్లిపాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. “ఉల్లిగడ్డనా! జెప్పరాదు మరి!” ఆ వీధిలో నేను గట్టిగా నవ్వింది అదే మొదలు.

తర్వాత ఒక్కదాన్నే బజారుకు పోవడం, సాయంత్రాలు క్యాంపస్ చెట్ల కింద నడవడం అలవాటయ్యాయి. అక్కడ నా ఈడు ఆడపిల్లలు పుస్తకాలతో పోతుంటే చూసి, పెళ్లితో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాను. నేను క్లాసులకు పోయినన్నాళ్లూ అక్కే, అప్పటికి పుట్టిన మా పాపను చూసుకుంది. ఆ అన్నాచెల్లెళ్ల చలవ వల్లే ఈ ఊరు నాదయింది.

మా పాప మొదట నేర్చిన మాటల్లో ‘గిదేంది’ ఒకటి. చూడవచ్చిన మా అమ్మ, మనవరాలి నోట ఈ ఊరి యాస విని ముక్కున వేలేసుకుంది.