ఆకాశంలో మడత

ఊరంతా ఆమెని టచప్ అత్తయ్య అనేది. మేనమామ ఫోటో స్టూడియోలో, కిటికీ పక్కన వాలుబల్ల ముందు కూర్చుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివుల మీద మొటిమలూ ముడతలూ పూడ్చేది. ఆమె చేతి చలవ వల్ల ఒక తరానికి తరం ఉన్నదానికంటే అందంగా గోడలెక్కింది.

స్టూడియో మూతపడ్డాక కొత్త పిచ్చి పట్టుకుంది: పాత ఫోటో చేతబట్టుకుని, మామయ్య నిలబడ్డ చోటే నిలబడి, ఇప్పటి ఊరిని మళ్లీ తీయడం. సినిమా హాలున్న చోట బ్యాంకు, గుర్రబ్బళ్ల అడ్డాలో పెట్రోలు బంకు. ఊళ్లు మనం చూడనప్పుడు బట్టలు మార్చుకుంటాయి గానీ, తొందరలో ఏదో ఒక పాత గుండీ మిగిల్చేస్తాయి. కిటికీ పైన చెక్కిన ఆకో, అరిగిన మెట్టో. ఆ గుండీ దొరికితే చాలు ఆమెకి.

ఆదివారం గ్రంథాలయంలో ప్రదర్శన. జంట లేని ఫోటో గోడెక్కదని గ్రంథాలయాధికారి ముందే చెప్పేశాడు. అన్నిటికీ జంట కుదిరింది, ఒక్కదానికి తప్ప. అది అమ్మకున్న ఒకే ఒక్క ఫోటో. పడుచుతనంలో తీసింది, నిలబడి ఉంది. వెనక వంతెన పిట్టగోడ, గడియార స్తంభం, రెండు వరసల మేడలు.

కెమెరా స్టాండు మోసే పని తమ్ముడిది. రిటైరైన బస్సు కండక్టరు.

"ఈ ఊళ్లో నేను టిక్కెట్టు కొట్టని వీధి లేదక్కా. ఇది మన ఊరే కాదు."

"అమ్మ ఊరు దాటితే కదా!"

"అయితే గడియార స్తంభం లేచి నడిచెళ్లిపోయిందా?"

"కాళ్లు నొప్పెడితే చెప్పు, నేనే మోస్తా."

"మొయ్యనన్నానా ఇప్పుడు?"

ఉన్న వంతెనలన్నీ తిరిగారు. శుక్రవారం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఆమె ఆ ఫోటో నెగటివు తీసి కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. ఆకాశమంతా పెన్సిలు గీతలు. ఎవరివో చెప్పక్కర్లేదు. పనిలో చేరిన కొత్తల్లో, చెయ్యి తిరగడానికి మామయ్య ఇచ్చిన నెగటివు అదే. ఆకాశంలో ఉన్న చారని గీరుడనుకుని, అమ్మ ఫోటో కదా అని మరీ శ్రద్ధగా పూడ్చేసింది.

దూదికి టర్పెంటైను అద్ది తుడిచింది. చార బయటపడింది. ఆకాశంలో మొదలై, గడియార స్తంభాన్ని నిలువునా చీల్చి, అమ్మ భుజం వెనక మాయమైంది.

"ఒరేయ్, ఆకాశానికి మడత ఉంటుందిరా?"

తమ్ముడు కళ్లజోడు సర్దుకున్నాడు. "గుడ్డకైతే ఉంటుంది."

పరదా! ఆమె చేరకముందే చిరిగి మూలపడ్డ స్టూడియో పరదా. ఎవరో రంగులేసిన వీధి కోసం ఇన్నాళ్లూ చెప్పులరగదీశారు.

"పోనీలే, ఇక వదిలెయ్."

"వదలడమేంటి? చోటు ఇప్పుడేగా దొరికింది! స్టాండెత్తు."

స్టూడియో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. యజమాని బేరమొచ్చిందని లేచాడు.

"బాబూ, ఆ అద్దాల బీరువా కాస్త జరపాలి."

"దేనికి పెద్దమ్మా?"

"మా అమ్మ నిలబడ్డది అక్కడ."

అతను ఫోటో వైపూ బీరువా వైపూ చూసి, చొక్కా చేతులు మడిచాడు. బీరువా జరిగింది. గోడ పైభాగాన, పొరలు పొరలుగా వేసిన రంగు కింద, పరదా వేలాడిన రెండు ఇనప కొక్కేలు ఇంకా ఉన్నాయి. తమ్ముణ్ణి వాటి కింద నిలబెట్టింది.

"నా మెడ ముడతలు..."

"ఉండనీ. కదలకు."

ఆదివారం రెండు ఫోటోలూ పక్కపక్కనే గోడెక్కాయి, అమ్మది మడతతో సహా. ఆ గడియార స్తంభం ఎక్కడండీ అని అడిగినవాళ్లకల్లా తమ్ముడు, ఏమాత్రం నవ్వకుండా, సెల్‌ఫోన్ల దుకాణం దగ్గర దిగమని చెప్పాడు.