శివాజీ మాస్టారి కునుకు

గుండీ ఊడిన చొక్కాతో శివాజీ మాస్టారు ఎదురొస్తే చోడవరంలో జనం సందు మారేవారు. ఆయన చిక్కినవాడికల్లా చరిత్ర చెప్పేవారు. ఇంజనీరింగు పిల్లల్ని కవిత్వం చదవరేమని చీవాట్లు పెట్టేవారు. ఆయన సంతాపసభ పాత గ్రంథాలయంలోనే పెట్టారు.

"దీన్ని కూల్చడానికొచ్చిన బుల్డోజరుకు సింహంలా ఎదురు నిలిచారు!" అన్నాడొక వక్త.

ముందు వరసలో ఉన్న మాస్టారి భార్య పైడితల్లికి నవ్వాగలేదు.

"నిలబడ్డం ఏటి బాబూ! అడ్డంగా పడుకున్నారు. సద్దన్నం తిని ఎల్లేరేమో, ఒళ్లెరక్కుండా నిద్రోయేరు. ఎంత లేపినా లేవకపోతే, సచ్చిపోయేరనుకుని డ్రైవరు బండొదిలి పారిపోయేడు. కూల్చడం అక్కడితో ఆగిపోయింది."

సభంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మొన్న పొద్దున్న నేనూ నిద్రే అనుకున్నాను బాబూ. కాఫీ సల్లారిపోతన్నా లేపలేదు."