మొదటి చిటికె

మాస్టారు పోయారన్న కబురు పొద్దున్నే, స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డ వేళ వచ్చింది. ఫోన్లో మాస్టారి భార్య, మా అమ్మగారు. ఆవిడ ఏడవలేదు. "మీ సారు పోయారమ్మా. తెల్లారేసరికి కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారు" అన్నారు. ఆ వెంటనే, "చొక్కా జేబులో ఆ గొట్టం ఉంది. తియ్యనా, ఆయనతోపాటే పంపించెయ్యనా?" అని అడిగారు.

"తీసి ఉంచండమ్మా, నేను బయల్దేరుతున్నాను" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. ఇది రాయడానికి కూర్చున్నది కొంత అందుకే.

ఆ గొట్టం బొటనవేలంత లావు, అరచేతిలో ఇమిడేంత పొడవు. తెల్ల ప్లాస్టిక్. నోట్లో పెట్టుకునే కొస పళ్ళగాట్లు పడి పసుపు తిరిగింది. ఉబ్బసం ఉన్నవాళ్ళు పొడిమందు పీల్చే గొట్టాన్ని చూసినవారు ఇదీ అదే అనుకుంటారు. దాదాపు అదే. కాకపోతే దీంట్లో పెట్టేది నికోటిన్, అంటే పొగాకులో మనిషిని కట్టిపడేసే పదార్థం. పొగా తారూ లేకుండా అదొక్కటే ఊపిరికి అందిస్తూ, రోజురోజుకీ తగ్గిస్తూ, బీడీలూ సిగరెట్లూ మానిపించాలన్నది మాస్టారి ఆలోచన. తొంభైల చివర్లో, విజయవాడ నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఒక ఫార్మసీ కాలేజీలో, వానొస్తే బకెట్లు పెట్టుకునే లాబులో ఆ పని మొదలుపెట్టారు. నేను ఆయన దగ్గర ఎం.ఫార్మసీ విద్యార్థిని. మొదట ఆ గొట్టం ఎవరికివ్వాలో కూడా అనుకున్నాం. మా లాబు అటెండరు రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడు.

మాస్టారిది నశ్యం నూరే ఇల్లు. వాళ్ళ నాన్నగారికి వన్ టౌన్‌లో ముక్కుపొడుం దుకాణం ఉండేది. పొడుల గురించి ఆయనకు పుస్తకాలు నేర్పింది కొంతైతే ఆ దుకాణంలో రోలు నేర్పింది ఎక్కువ. సుద్దపొడి గానీ టాల్కం పౌడరు గానీ సాంబారు పొడి గానీ, ఏ పొడి కనబడినా చిటికెడు తీసి చెవి దగ్గర వేళ్ళతో నలిపేవారు. "పొడి మాట్లాడుతుందమ్మా. తడిసింది మూలుగుతుంది, ఆరింది నవ్వుతుంది" అనేవారు. పెళ్ళిచూపుల్లో ఆయన తన మొహం కన్నా మొహాన ఉన్న పౌడరునే ఎక్కువ చూశారని అమ్మగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవారు.

వాళ్ళ దుకాణంలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా నూరిన పొడుం డబ్బా మూత తియ్యగానే, కొనేవాడి ఎదురుగా, మొదటి చిటికె నూరినవాడే పీల్చాలి. తర్వాతే అమ్మకం. "మొదటి చిటికె నూరినవాడిది" అన్న ఆ మాటను మాస్టారు లాబు దాకా మోసుకొచ్చారు. కొత్త మందును మనుషులకిచ్చే ముందు ఏమేం చెయ్యాలో, ఎవరెవరి అనుమతులు తీసుకోవాలో మాకు క్లాసులో నేర్పింది ఆయనే. అయినా గొట్టంలో కొత్త పొడి పడ్డ ప్రతిసారీ మొదట ఆయనే పీల్చేవారు. నేను వద్దంటే వినేవారు కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ సామెతను అప్పట్లో నేను సరదాకి వాడేదాన్ని.

జన్మలో ఆయన బీడీ ముట్టలేదు. నశ్యం కూడా వేసేవారు కాదు. వాళ్ళ నాన్నగారి జేబురుమాళ్ళు ఉతికిన చేతులతో ఇక ఆ పని చెయ్యబుద్ధి కాలేదట.

గొట్టం ఆటోనగర్‌లో తయారైంది. లారీలకు బుష్‌లు చేసే లేతు మేస్త్రీ దగ్గర మాస్టారూ నేనూ స్టూళ్ళ మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం. లోపల చిన్న గది, అందులో పొడి నింపిన క్యాప్సూల్. పక్కనున్న బొత్తాం నొక్కితే రెండు సూదులు దానికి చిల్లులు పొడుస్తాయి. గట్టిగా పీలిస్తే గాలి పక్కసందులోంచి సుడి తిరుగుతూ వచ్చి, క్యాప్సూల్‌ని గిర్రున తిప్పి, పొడిని బయటికి విసురుతుంది. సందు వెంట్రుకవాసి ఎక్కువైతే గాలికి ఊపుండదు, తక్కువైతే మనిషికి ఊపిరాడదు. ఏడుసార్లు తిప్పి పంపేసరికి మేస్త్రీకి విసుగొచ్చింది.

"ఇంత ముక్కకి ఇంత గొడవేంటండీ? మనిషి లోపలికి రోడ్డేస్తున్నారా ఏంటి?"

"రోడ్డేనయ్యా. ఒకసారి వేశాక దానిమీద ఏది పోతుందో మన చేతిలో ఉండదు" అన్నారు మాస్టారు. మేస్త్రీ నవ్వాడు. నేనూ నవ్వాను.

గొట్టం కుదిరింది గానీ పొడి కుదరలేదు. ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే మందు మరీ సన్నగా ఉండాలి. అంత సన్నటి మందు మన కృష్ణా గాలికి తేమ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతుంది. అందుకని దాన్ని పెద్దపెద్ద పాలచక్కెర పలుకుల మీద ఎక్కించి పంపుతారు. గొంతు దాకా వచ్చాక పలుకు ఆగిపోవాలి, మందు దిగి లోపలికి పోవాలి. మా మందు దిగేది కాదు. పలుకుతోపాటే గొంతులో పడి మండేది. మాస్టారు పీల్చినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గేవారు. దగ్గొక్కటే మా శత్రువని ఏడాదిపాటు దానితోనే పోట్లాడాం.

దారి నాకు మా ఇంట్లో దొరికింది. మాది పెడన పక్కన మగ్గాల ఇల్లు. ఒక సెలవుకి వెళ్ళినప్పుడు నాన్న నూలుకు గంజి పెడుతున్నాడు. పోగు మీద నూగు లేచి ఉంటే మగ్గంలో చిక్కుపడుతుంది, ముందే గంజి పట్టిస్తే అణిగి జారుతుంది. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం చూస్తూ నిలబడిపోయాను. పాలచక్కెర పలుకు మీద కూడా గుంటలూ గరుకూ ఉంటాయి. మందు పోయి దాక్కునేది వాటిలోనే. ముందుగా పాలచక్కెర నుసినే ఆ గుంటల్లో నింపేస్తే మందుకు దాక్కునే చోటుండదు. మర్నాడే బస్సెక్కి వచ్చేశాను. నాన్న నేసిన సన్నపంచె ముక్కలో పాలచక్కెర వస్త్రగాళితం పట్టి, ముందు నుసి, తర్వాత మందు కలిపాను.

ఆ పొడి నూరింది నేను. ఆచారం ప్రకారం మొదటి చిటికె నాది. గర్వంగా గొట్టం నోటి దగ్గరికి తీసుకెళ్ళాను కూడా. మాస్టారు చెయ్యి చాపారు.

"ఇటివ్వమ్మా. నూరించినవాణ్ణి నేనున్నానుగా."

ఇచ్చేశాను. ఆయన పీల్చారు. క్యాప్సూల్ గిర్రుమంది. నేనూ అటెండరూ దగ్గు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాం. రాలేదు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏమీ తెలియలేదమ్మా. మంచుగాలి పీల్చినట్టుంది" అన్నారు. తర్వాత "సరిగ్గా చూద్దాం" అని ఇంకొకటి పెట్టుకున్నారు. నాకు సంతోషంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రెండోది పరీక్ష కోసం కాదని నాకు తట్టనే లేదు.

రెండు మూడు నెలలకు క్యాప్సూళ్ళు తగ్గడం మొదలైంది. సాయంత్రం ఇరవై నింపి డబ్బాలో పెడితే మర్నాటికి పదిహేను ఉండేవి. నా అనుమానం తిన్నగా అటెండరు మీదికి పోయింది. నేను నోరాపుకునే మనిషిని కాదు. ఒకరోజు మాస్టారి ఎదురుగానే అడిగేశాను.

"మీరేమైనా తీస్తున్నారా?"

"నేనెందుకు తీస్తానమ్మా? నాక్కావల్సింది నా జేబులోనే ఉంది గదండీ."

"అది మానలేక ఇది తీస్తున్నారేమో."

అతను జేబులోంచి బీడీకట్టా అగ్గిపెట్టే తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇయ్యాల్టి నుంచి ఇవి కూడా ముట్టనండి. ఇంక ఎందుకు తీశానంటారో చెప్పండి." మాస్టారి వైపు తిరిగాడు. "సార్, మీరన్నా చెప్పండి. పదకొండేళ్ళ నుంచి మీ దగ్గరున్నాను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. పెద్దమనిషి కదా, తగవులో తలదూర్చడం ఇష్టంలేదేమోననుకున్నాను.

మర్నాడు ఆయన క్యారేజీ కూడా లేకుండా వచ్చారు. మా ఇద్దర్నీ పిలిచి నిలబడే చెప్పారు. "తీసింది నేనయ్యా. నిన్న నోరు పెగల్లేదు, క్షమించు. మొదట్లో రోజుకొకటి. ఇప్పుడు పీరియడు పీరియడుకీ కావలసొస్తోంది. లేకపోతే బోర్డు మీద అక్షరం నిలవట్లేదు."

అటెండరు, "బీడీ అడిగితే ఇచ్చేవాణ్ణి గదండీ. దానికి దగ్గన్నా వచ్చేది" అన్నాడు. వెటకారం కాదు, నిజంగా బాధపడే అన్నాడు.

మాస్టారు నా వైపు చూశారు. "ఆ దగ్గు మళ్ళీ తెప్పించగలవామ్మా?"

తెప్పించాను. నుసి మానేస్తే అదే వస్తుంది. ఆయన పీల్చి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, బాగుంది అన్నారు. వారం తిరక్కుండానే నా పద్ధతిలో తనే పొడి కలుపుకోవడం చూశాను. ఆ పద్ధతి ఆయన చేతికిచ్చింది నేనే.

థీసిస్‌లో ఆ గంజి సంగతి రాయొద్దన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అందులో నాదంటూ ఉన్నది అదొక్కటే సార్" అన్నాను.

"తెలుసమ్మా. కానీ దగ్గొచ్చినవాడికి భయమేస్తుంది. భయపడ్డవాడు ఎప్పుడో ఒకప్పుడు మానతాడు. దీంట్లో భయం తీసేశాం మనం. బడికెళ్ళే పిల్ల కూడా పీలుస్తుంది, మంచుగాలి అనుకుని. జన్మలో ఏదీ తాగనివాణ్ణి, నన్ను చూడు."

రాయలేదు. దగ్గొచ్చే పొడులతోనే థీసిస్ ముగించాను. ఆ కోపం తగ్గడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. తగ్గాక మాత్రం, ఆయన వద్దన్నందుకు మనసులో దణ్ణం పెట్టుకోని రోజు లేదు.

రిటైరయ్యాక సత్యనారాయణపురంలో వాళ్ళింటికి వెళ్తుండేదాన్ని. నేనూ అప్పటికి పాఠాలు చెబుతున్నాను. పొడి గురించీ పిల్లల గురించీ ఎంత ఇష్టంగా మాట్లాడేవారో. మాటల మధ్యలో లేచి లోపలి గదిలోకి వెళ్ళేవారు. అమ్మగారు టీవీ సౌండు పెంచేవారు. అయినా గిర్రుమన్న ఆ చప్పుడు నాకు వినబడేది. తిరిగొచ్చి ఆపిన వాక్యం దగ్గర్నుంచే అందుకునేవారు. ఒకసారి నలభై రోజులు మానారు. ఆ నలభై రోజులూ అమ్మగారు మొక్కని దేవుడు లేడు. నలభై ఒకటో రోజు ఆవిడే నాకు ఫోన్ చేసి, "మళ్ళీ చప్పుడైందమ్మా" అన్నారు.

క్రితం ఏడు హైదరాబాదు నుంచి ఇలాంటి నికోటిన్ గొట్టాలే చేసే కంపెనీవాడెవరో నాకు ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్థుడు. మీ థీసిస్ చూశాం, పాత లాబు పుస్తకాలేమైనా ఉన్నాయా మేడం, మాకు దగ్గొక్కటే ఇబ్బందిగా ఉంది అన్నాడు. లేవన్నాను. మాస్టారికి చెబితే చెయ్యి నా తలమీద పెట్టి, "మళ్ళీ చేస్తాడమ్మా. ఒకసారితో మానేవాళ్ళు కాదు" అన్నారు. తర్వాత అతను నిజంగానే మళ్ళీ చేశాడు. మాస్టారు పోయిన పదో రోజున మూడోసారి చేశాడు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. వయసు అన్నాడు. అంతకన్నా నాకు తెలియదు, తెలియనిది రాయను. తెలిసింది ఒకటుంది. ఆ రోజు ఆయన చెయ్యి చాపకపోతే ఆ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునే మనిషిని నేనై ఉండేదాన్ని. నాకు రావలసిన చిటికెను ఆయన పీల్చి, ఇన్నేళ్ళూ భరించి, ఒక్కనాడూ ఆ మాట నాతో అనలేదు.

కృష్ణ ఒడ్డున కార్యక్రమమంతా అయ్యాక అటెండరు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తల నెరిసింది. ఆ రోజు రోషంతో బల్ల మీద పెట్టిన బీడీలు మళ్ళీ ముట్టనే లేదట.

"ఆ గొట్టం ఏం చేస్తారమ్మా?"

"పారేస్తాను."

"నీళ్ళల్లో మాత్రం వెయ్యకండి. మాది చేపలు పట్టుకునే ఇల్లు" అన్నాడు.

ఇంకా పారెయ్యలేదు. నా బల్ల మీదే ఉంది. అందులో ఒక క్యాప్సూల్ పెట్టి ఉంది, చిల్లులు పడలేదు. పెట్టుకున్నారు గానీ బొత్తాం నొక్కలేదు. నొక్కే ఓపిక లేకపోయిందో, ఇవాళ్టికి వద్దనుకున్నారో. వద్దనుకున్నారనే నేను నమ్ముతాను. ఇప్పుడు వానలు పట్టుకున్నాయి. ఇంట్లో ఉప్పు తడిసి నీరు కారుతోంది, అప్పడాలు మెత్తబడ్డాయి, అగ్గిపుల్ల వెలగడం లేదు. ఈపాటికి ఆ పొడి కూడా గడ్డకట్టి ఉండాలి. గడ్డకడితే పారేద్దామని రోజూ గొట్టం తీసి చెవి దగ్గర పెట్టి ఊపుతున్నాను. సన్నగా, పొడిగా, నవ్వుతూనే ఉంది. రోజుకొకసారే చూస్తున్నాను. నిన్న రెండుసార్లు చూశాను.