ఆర్డెల్ ఒక్కసారి వద్దన్న సవరణ

ఆర్డెల్ ట్వైట్‌కి కోపం వస్తే గొంతు పెరగదు. లాయరు దగ్గరికి వెళుతుంది.

మిన్నెసోటా ఉత్తరాన ఆ సరస్సు ఊళ్లో అందరూ దాదాపు అంతే. అక్కడ మాటల మీద కూడా మంచు పేరుకుంటుంది. అడుగున నీళ్లు కదులుతూనే ఉంటాయి, పైన మాత్రం నిశ్చింతగా కార్లు నడపొచ్చు.

తండ్రి కట్టిన చెక్క కాబిన్ ఒకటి ఆమెకు సరస్సు ఒడ్డున ఉంది. దాన్ని ఎప్పుడో తన పేరిట ఒక ట్రస్టులో పెట్టింది. బతికున్నంత కాలం పెత్తనం ఆమెదే. పోయాక ఎవరికి చెందాలో అందులోనే రాసి ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు సవరించుకోవచ్చని కూడా రాసి ఉంది. ట్రస్టు మొత్తంలో ఆర్డెల్‌కి కంఠతా వచ్చిన వాక్యం అదొక్కటే.

భర్త ఓర్విల్ పోయినప్పుడు, అంత్యక్రియల భోజనానికి కూతురు మార్లిస్ ఊరి ఆనవాయితీ ప్రకారం చర్చి ఆడవాళ్ల చేత హామ్ శాండ్‌విచ్‌లు చేయించలేదు. దుకాణం నుంచి ప్లాస్టిక్ మూతల ట్రేలు తెప్పించింది. వాటిలో ఆలివ్‌లు కూడా ఉన్నాయి.

"కొత్తగా ఉందమ్మా," అంది ఆర్డెల్ నవ్వుతూ.

ఆ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు. సమాధి మట్టి ఇంకా ఆరకముందే, ట్రస్టులో కాబిన్ మార్లిస్ పేరు మీంచి ఆర్డెల్ కొడుకు డ్వేన్ పేరు మీదికి మారింది. మార్లిస్‌కి తెలియదు. తల్లి అంత ముద్దుగా మాట్లాడుతుంటే ఎలా తెలుస్తుంది?

పోయిన శరత్కాలంలో, సరస్సు గడ్డకట్టేలోపు పడవల రేవు పలకలు ఊడదీయాల్సిన వేళకి, డ్వేన్ జింకల వేటకి పోయాడు. మార్లిస్ ఒక్కతే వచ్చింది. నడుంలోతు చన్నీళ్లలో దిగి, పళ్లు టకటకలాడుతుంటే, ఒక్కో పలకనీ ఒడ్డుకి లాగింది. పెదవులు సాయంత్రపు నీళ్ల రంగుకి తిరిగాయి. ఆర్డెల్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. కూతురు తడి బట్టలతో గుమ్మంలోకి రాగానే "కాఫీ ఉంది," అంది. ఆ రెండు మాటల్లో ఆమె గుండె మొత్తం ఉంది. మార్లిస్‌కి మాత్రం కాఫీయే కనిపించింది.

ఆ గుండెలోనే ఒక కవాటం పాడయిందని వసంతంలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేయాలన్నాడు. ఈ వయసులో లేచి వస్తే వస్తాం, లేకపోతే లేదు. ఈలోగా కాబిన్ మార్లిస్‌కి తిరిగి చేరాలి. ఆర్డెల్‌కి ఉన్న తొందరంతా అదే.

ఇన్నాళ్లూ సవరణలు రాసిన లాయరు లోవెల్ పని మానేసి ఎండలున్న చోటికి వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి కార్లా డినార్డో వచ్చింది, ఉన్నమాట ముఖం మీదే అనేసే న్యూజెర్సీ మనిషి. ఆర్డెల్ ఆమె ముందు కూర్చుని, వానల గురించీ దోమల గురించీ మాట్లాడీ మాట్లాడీ, చివరికి, "కాబిన్ మళ్లీ మార్లిస్‌కి ఉంటే బాగుంటుందేమోనని," అంది.

"అంతేగా. సవరణ రాసేయమంటారా?"

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ. ఉండనివ్వండి."

"సరే అయితే," అని కార్లా ఫైలు మూసేసింది.

ఆ ఊళ్లో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. మొదటిసారే సరేనన్నవాణ్ని ఆత్రగాడంటారు. లోవెల్ అయితే "శ్రమేముంది" అనేవాడు, ఆమె "మీకు బోలెడు పనులు" అనేది, ఆయన మళ్లీ అంటే "మీరింతగా అంటుంటే" అని ఒప్పుకునేది. ఈ పిల్ల ఫైలు మూయడం చూసి, చురుకైనది, మిగతా రెండుసార్లూ మనసులోనే అడిగేసుకుందని ఆర్డెల్ ముచ్చటపడింది.

కాగితాలు మాత్రం సంతకానికి రాలేదు. ఫోన్ చేసి అడగడమంటే ఆమె దృష్టిలో నడివీధిలో కాలర్ పట్టుకోవడమే. ఓపిగ్గా ఎదురుచూసింది. ఆపరేషన్ దగ్గరపడింది.

ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర స్నేహితురాలు ఇనెజ్ లోఫ్‌గ్రెన్ పక్కన చేరింది.

"ఆ కొత్త లాయరమ్మ దగ్గరికి వెళ్లానే. బిస్కట్లు తింటారా అంది. వద్దమ్మా అన్నాను. ఏం చేసిందో తెలుసా? పళ్లెం తీసి బీరువాలో పెట్టేసింది."

"మళ్లీ అడగలేదా?"

"ఊహూ. నేను ఉన్నంతసేపూ ఆ బీరువా వంకే చూస్తూ కూచున్నా."

"పాపం, తల్లి లేకుండా పెరిగిందేమో."

"తల్లి ఉందిటే. రోజూ ఫోన్లో అరుచుకుంటారట, ఇద్దరూ."

ఆర్డెల్ చేతిలో కప్పు ఆగిపోయింది. బీరువాలో కూచున్నది బిస్కట్లు మాత్రమే కాదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పుల్లటి రూబార్బ్ కాడల జామ్ సీసా పట్టుకుని కార్లా ఆఫీసుకి వెళ్లింది. "ఇటువైపు వచ్చి, ఊరికే తొంగిచూశాను. ఆ కాగితాలు ఎప్పుడవుతాయో ఏమో. తొందరేం లేదు. శుక్రవారం గుండె కోస్తారంట."

"ఏ కాగితాలు? మీరు వద్దన్నారుగా."

"ఒక్కసారేగా అన్నాను."

"ఎన్నిసార్లంటే వద్దని అర్థమండీ?"

"మూడోసారి కూడా అంటే వద్దనే. అంతదాకా ఎవరూ పోరమ్మా."

కార్లా నుదురు రుద్దుకుంది. "ఆర్డెల్ గారూ, మా ఊళ్లో రెండోసారి అడిగితే చెవుడా అంటారు." ఫైలు తెరిచి సవరణల దొంతర బయటికి తీసింది. "ఇంకో సంగతి. మీరు పోయాక ఇవన్నీ మీ పిల్లల చేతికి వెళతాయి."

"అన్నీనా?"

"పేరు తీసేసినవీ, మళ్లీ పెట్టినవీ, తారీఖులతో సహా. ఇదిగో, ఇది మీవారి అంత్యక్రియలైన వారానికే రాయించారు."

ఆర్డెల్ ముఖం పాలిపోయింది. కూతుర్ని జీవితంలో పల్లెత్తు మాట అనలేదు. అన్నదంతా ఇక్కడే అంది, నోటరీ ముద్ర వేయించి మరీ.

"ట్రస్టు మొత్తాన్ని తిరగరాయొచ్చు," అంది కార్లా. "ట్రస్టు అదే, పేరు అదే. పాత సవరణలన్నీ పోయి లోపలి మాటలు కొత్తవవుతాయి. తర్వాత మామూలుగా పిల్లలకిచ్చేది అదొక్కటే. కానీ నేను ఒక్కసారే అడుగుతాను. కావాలా, వద్దా?"

ఆర్డెల్ నోరు అలవాటుగా 'అయ్యో' ఆకారానికి తిరిగింది. మంచు పగిలేముందు సరస్సు మూలిగినట్టు చిన్నగా మూలిగింది.

"కావాలి," అంది. నలుగురి ముందు రెండో ముక్క కేకు అడిగినట్టు చెవులదాకా ఎర్రబడింది.

గురువారం సంతకాలయ్యాయి. ఇంటికొచ్చి, ధైర్యం చల్లారకముందే మార్లిస్‌కి ఫోన్ చేసింది. వాతావరణం ఊసెత్తలేదు.

"కాబిన్ నీకు రాశానే. ఇవాళే."



"కాబిన్ కప్పు ఇంకా కారుతోందా అమ్మా?" అంది మార్లిస్, కాస్త జీరగా.

"వంటగది మీద."

"రేపు పొద్దున్నే వస్తా. కప్పు చూసి, అటునుంచటే నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తా."

"పొడుగు నిచ్చెన తెచ్చుకో," అంది ఆర్డెల్, ఒక్కసారైనా వద్దనకుండా.