ఒక్కచుక్క మాస్టారు

ఎదురైన మనిషిని ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తారు. మాస్టారు మాత్రం "ఒక్క చుక్క ఇస్తారా?" అంటారు. టీ, చెమట, ఆకు పసరు, వేలి కొసన రక్తం, ఏదైనా సరే. అందులో తాను తయారుచేసిన రంగుమందు కలిపి, నల్లదుప్పటి ముసుగేసుకుని, ఊదారంగు దీపం కింద చూస్తారు. సీసం ఉంటే పచ్చగా వెలుగుతుంది. లేకపోతే ఆయన ముఖం వెలుగుతుంది.

ఒకసారి ప్రయోగశాల తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు చేతిలోని కాఫీ కప్పు లాక్కుని ముసుగులో దూరారు. పాపం, ఆఫీసరు పావుగంట సేపు దుప్పటితోనే మాట్లాడి వెళ్ళాడు.

ఆయన దగ్గర పనిచేసే జూనియర్‌కు ఇదంతా అలవాటే. ఆమెకిప్పుడు ఐదో నెల. కానీ ఈ వారం మాస్టారి వరస ఆమెకు బొత్తిగా అంతుపట్టలేదు. సోమవారం ఆమె మంచినీళ్ళ సీసాలోంచి ఒక్క చుక్క. మంగళవారం ఆమె వేలినుంచి ఒక్క చుక్క. బుధవారం సీసా మాయం. గురువారం ఏకంగా బల్లే మాయం!

"సార్, నా బల్లేది?"

"మేడ మీద. అక్కడ గాలి బాగుంటుందమ్మాయ్."

"మరి నా సీసా?"

"నీళ్ళు నేను తెచ్చిపెడతాలే."

"నేనేమైనా తప్పు చేశానా సార్?"

"తొట్లో చేపలకు మేత వేశావా?" అంటూ ముసుగులో దూరారు.

ఆమెకు బుర్ర తిరిగిపోయింది. ఈ ఉద్యోగం కోసం మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. కాన్పు సెలవు అడగకముందే సాగనంపుతున్నారా?

"వెళ్ళి అడిగెయ్," అన్నాడు భర్త.

"అడిగితే చుక్క అడుగుతాడు!"

గెంటించుకోవడం కంటే తప్పుకోవడమే మేలనుకుని, శుక్రవారం రాజీనామా రాసి తెచ్చింది. ఆమె పాత బల్ల ఉన్న మూల ప్లంబరు గోడ పగలగొడుతున్నాడు.

"లోపల సీసం పైపమ్మా! ఈ కుళాయి నీళ్ళు పోసి రంగుమందు కలిపితే తొట్లో చేపల పొట్టలు పచ్చగా వెలిగాయంట. మూడ్రోజులుగా మాస్టారు నా ప్రాణం తోడేస్తున్నారు."

ఆ కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకుని తాగేది ఆమె ఒక్కతే. చెయ్యి దానంతటదే పొట్టమీదకు వెళ్ళింది. పరుగున వెళ్ళి దుప్పటి ఎత్తింది.

"సార్, నా చుక్క?"

"వెలగలేదు. నాలుగుసార్లు చూశాను."

"ముందే చెప్పొచ్చుగా!"

"తేలకుండా చెబితే హడలిపోతావని... అదేమిటి చేతిలో? చెమటకు సిరా కారుతోందే. ఒక్క చుక్క..."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మొత్తం ముంచేయండి సార్," అంటూ రాజీనామాను తానే రంగుమందు గిన్నెలో వేసింది.

కాసేపటికి ముసుగులోంచి సంబరంగా కేక వినిపించింది. "వెలగలేదమ్మాయ్!"